నలుగురూ ఒప్పుకుంటారా?
(రాష్ట్రపతి అభ్యర్థుల ఎంపిక చరిత్ర నుండి మన సంఘానికి కొన్ని పాఠాలు)

మన సంఘం సావనీరుకు ఒక చరిత్ర వ్యాసం ఇమ్మని కార్యదర్శిగారు అడగడం, మేము బడి పరీక్ష పేపర్లు దిద్దడం ముగించుకొని కూర్చుని వ్రాసి ఇవ్వడం ప్రతి సంవత్సరం ఆనవాయితీగా వస్తున్నది. ఇంతవరకు ఉర్దూ పేజీలలోనే వ్రాసినాము. ఈసారి తెలుగు పేజీలకు వ్రాస్తున్నాము. కారణం చివర మనవి చేస్తాము.

పోయిన సంవత్సరం సర్వసభ్య సమావేశానికి నాలుగు రోజుల ముందు, ఇషా నమాజు తరువాత, కొత్తపేటలో ఒక సభ్యుని ఇంట పది పన్నెండు మందిమి కూర్చుని, రాబోయే సదర్ ఎవరైతే బాగుంటుందని మాట్లాడుకున్నాము. ఒక పేరు వచ్చింది. "మనిషి మంచివాడే, కష్టపడతాడు, కాదనలేము. కానీ నలుగురూ ఒప్పుకోరు" అన్నది ఒక గొంతు. మిగతావారు తల ఊపినారు. చాయ్ వచ్చింది. ఆ పేరు అక్కడితో సరి.

ఇంటికి పోయిన తరువాత ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే ఇదే మాట, ఇంచుమించు ఇదే రకంగా, మన దేశపు అత్యున్నత పదవికి పేర్లు ఆలోచించినప్పుడు కూడా వినబడింది. అప్పుడు ఏమి జరిగిందో సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు తెలియాలని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక సంగతి. రాష్ట్రపతిని మనం నేరుగా ఓటు వేసి ఎన్నుకోము. పార్లమెంటుకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికైన సభ్యులు కలిసి ఎన్నుకుంటారు. ఒక్కొక్కరి ఓటుకు ఒక విలువ ఉంటుంది. శాసనసభ్యుని ఓటు విలువ ఆ రాష్ట్ర జనాభాను బట్టి మారుతుంది. 1967లో ఒక పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. కాబట్టి ఈ ఎన్నికలో అసలు తగాదా ఓట్ల రోజున కాదు, అంతకు ముందే, పార్టీ పెద్దలు తలుపులు వేసుకొని ఎవరి పేరు పెట్టాలి అని కూర్చున్న రోజునే మొదలవుతుంది. చాలాసార్లు అక్కడే ముగుస్తుంది కూడా.

ఇక 1967 సంగతి. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో జరిగిన సాధారణ ఎన్నికలలో కాంగ్రెసు పార్టీకి పెద్ద దెబ్బ తగిలింది. 1962లో లోక్‌సభలో 361 స్థానాలు గెలిచిన పార్టీ ఈసారి 520 స్థానాలకు గాను 283తో సరిపెట్టుకున్నది. మద్రాసు, కేరళ, ఒరిస్సా, బెంగాల్, బీహార్, పంజాబ్ చేజారినాయి. ఏప్రిల్ మొదట్లో ఉత్తరప్రదేశ్ కూడా పోయింది. మన ఆంధ్రప్రదేశ్ మాత్రం నిలబడింది. ఇక్కడి 41 లోక్‌సభ స్థానాలలో 35 కాంగ్రెసుకే వచ్చినాయి.

సరిగ్గా అదే సమయంలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి పదవీకాలం ముగియవచ్చింది. ఎవరిని నిలబెట్టాలి? కాంగ్రెసు అధ్యక్షులు కామరాజ్‌గారు రాధాకృష్ణన్‌గారినే మళ్ళీ కొనసాగించాలన్నారు. ప్రధాని ఇందిరాగాంధీ ఉపరాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ పేరు పట్టుకున్నారు.

జాకిర్ సాహెబ్ అర్హత మీద ఎవరికీ పేచీ లేదు. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8న. పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్ పఠాన్లు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ వకీలు పని మీద ఇక్కడికి వచ్చి స్థిరపడినారు. కుర్రవానికి పదేళ్ళ వయసులో తండ్రి పోయినారు. చదువు ఇటావాలో, తరువాత అలీగఢ్‌లో. 1920లో గాంధీగారి పిలుపు విని ప్రభుత్వ సాయం తీసుకునే కాలేజీని వదిలి, జామియా మిల్లియా స్థాపించిన వారిలో ఒకరైనారు. బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొని 1926లో తిరిగి వచ్చి, మూతపడేలా ఉన్న ఆ జామియాను 22 ఏళ్ళు నడిపించినారు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్ళు పనిచేస్తామని ఆయనా, ఆయన తోటివారూ ప్రతిజ్ఞ పట్టినారు. 1937లో వార్ధా విద్యా పథకం కమిటీకి అధ్యక్షులు. దేశ విభజన తరువాత, అందరి అనుమానపు చూపుల మధ్య ఉన్న అలీగఢ్ విశ్వవిద్యాలయాన్ని 1948 నుండి ఎనిమిదేళ్ళు నిలబెట్టినారు. 1957 నుండి బీహార్ గవర్నరు, 1962 నుండి ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. పిల్లల కోసం ఆయన వ్రాసిన 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' కథ మా ఉర్దూ మాధ్యమం బడులలో తెలియనివారు లేరు. ఆయన తమ్ముడు యూసుఫ్ హుసేన్ ఖాన్ ఉస్మానియాలో చరిత్ర ఆచార్యులుగా చాలా కాలం పనిచేసినారు. అంటే ఆ కుటుంబానికి మన ఊరితో బంధం తెగిపోలేదు.

అంతకు ముందు ఉపరాష్ట్రపతిగా ఉన్న రాధాకృష్ణన్‌గారే 1962లో రాష్ట్రపతి అయినారు గదా. మరి జాకిర్ సాహెబ్ విషయంలో సందేహం ఎందుకు వచ్చింది? సందేహించినవారు అందరూ చెడ్డవారు కారు. వారి వాదం ఇలా ఉండేది: "మాకేమీ అభ్యంతరం లేదు. కానీ పార్టీ బలం తగ్గింది. విభజన జరిగి 20 ఏళ్ళే అయింది. పాకిస్తానుతో 1965లో యుద్ధమైంది. మన సభ్యులలోనే కొందరు ఓటు దాటవేస్తారేమో. అభ్యర్థి ఓడితే ప్రభుత్వం పరువు పోతుంది. దేశం ఇంకా సిద్ధంగా లేదు." చూడండి, తన సంగతి ఎవరూ చెప్పరు. "నాకు ఇష్టం లేదు" అనరు. "వాళ్ళు ఒప్పుకోరు" అంటారు. ఆ 'వాళ్ళు' ఎవరని అడిగితే పేరు చెప్పరు.

రాధాకృష్ణన్‌గారు తాను పోటీలో ఉండనని ఏప్రిల్‌లో ప్రకటించినారు. ఇందిరాగాంధీ పట్టు వదలలేదు. జాకిర్ సాహెబ్ పేరు ఖాయమైంది. ఉపరాష్ట్రపతి పదవికి మన తెలుగువారైన వరాహగిరి వెంకటగిరిగారిని ఎంచినారు.

ఎదుటి పక్షం కూడా తక్కువ మనిషిని పెట్టలేదు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న కోకా సుబ్బారావుగారు 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి అభ్యర్థిగా నిలిచినారు. ఆయన రాజమండ్రిలో పుట్టినవారు, 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆ ఫిబ్రవరిలోనే గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పిన ధర్మాసనానికి పెద్ద ఆయనే. న్యాయపీఠం దిగి నేరుగా ఎన్నికలకు రావడం తగునా అని కొందరు విమర్శించినా, ఆయన పాండిత్యాన్ని ఎవరూ శంకించలేదు. ఇంకొక సంగతి. ఉపరాష్ట్రపతి పదవికి గిరిగారి మీద నిలిచినవారు అలీగఢ్ చరిత్ర ఆచార్యులు మహమ్మద్ హబీబ్ సాహెబ్. కాబట్టి 1967 పోటీని ఒక మతానికీ మరొక మతానికీ మధ్య పోటీ అని మన పిల్లలకు చెప్పడం సరికాదు. హైదరాబాదులో పుట్టిన ఒక ఉస్తాదుకూ, రాజమండ్రిలో పుట్టిన ఒక న్యాయమూర్తికీ మధ్య పోటీ అది. ఇద్దరూ పెద్దలే.

మే 6న ఓటింగు, 9న లెక్కింపు. జాకిర్ సాహెబ్‌కు 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971. తేడా 1,07,273. దేశం సిద్ధంగా లేదన్నవారికి దేశమే జవాబు చెప్పింది. మా అబ్బాజాన్ ఆనాడు పదహారేళ్ళ కుర్రవాడు. మలక్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో రేడియో వింటూ ఈ వార్త తెలుసుకున్నారట. "హోటల్లో హిందువులు, ముస్లిములు అందరమూ ఉన్నాము. మన హైదరాబాదీ అయినాడు అని ఒకాయన బల్ల మీద కొట్టినాడు. మన ముసల్మాను అయినాడు అని ఎవరూ అరవలేదు. ఆ అవసరం రాలేదు" అని చెప్పేవారు. ప్రమాణ స్వీకారం రోజున జాకిర్ సాహెబ్ కూడా భారతదేశమంతా నా ఇల్లే, దాని ప్రజలందరూ నా కుటుంబమే అన్న అర్థంలో మాట్లాడినారు.

ఆయన పూర్తికాలం ఉండలేదు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూసినారు. జామియా ఆవరణలోనే ఖననం చేసినారు. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది: ఎవరి పేరు?

ఈసారి చర్చ బెంగుళూరులో. 1969 జులై 12న కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు కూర్చున్నది. పార్టీ అప్పటికే రెండుగా చీలిపోయే స్థితిలో ఉన్నది. పాత పెద్దలు లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డిగారి పేరు చెప్పినారు. అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ, 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. ఇందిరాగాంధీ ఆయన వద్దన్నారు. గాంధీగారి శతజయంతి సంవత్సరం గనుక దళిత నాయకులు జగ్జీవన్ రామ్‌గారిని పెట్టుదామన్నారు. మొరార్జీ, కామరాజ్, ఎస్.కె. పాటిల్, చవాన్‌గార్లు సంజీవరెడ్డిగారి వైపు. ఇందిరాగాంధీ, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సాహెబ్ జగ్జీవన్ రామ్‌గారి వైపు. నాలుగుకు రెండు. సంజీవరెడ్డిగారి పేరు నెగ్గింది.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగాలి. జగ్జీవన్ రామ్‌గారు సామాన్యులు కారు. 1946 నుండి కేంద్రంలో మంత్రిగా పనిచేసిన అనుభవం. ఆ పదవికి అన్ని విధాలా తగినవారు. కానీ ఆయన పేరు ఎప్పుడు వచ్చింది? రెండు వర్గాల పట్టుదల ముదిరిన తరువాత, ఎదుటి వర్గం పేరును ఆపడానికి వచ్చింది. దానికి చెప్పిన కారణంలో ఆయన చేసిన పని కన్నా ఆయన పుట్టుక ముందు నిలిచింది. పేరు వీగిపోగానే దాన్ని గురించి ఎవరూ పట్టించుకోలేదు. 1967లో ఒక మంచి పేరును పుట్టుక చూసి ఆపబోయినారు. 1969లో ఒక మంచి పేరును పుట్టుక చూసి ముందుకు తోసినారు, పని కాకపోతే వదిలేసినారు. మా అభిప్రాయంలో రెండూ మనిషికి జరిగిన అన్యాయాలే. ఒక దళితుడు రాష్ట్రపతి కావడానికి, కె.ఆర్. నారాయణన్‌గారి రూపంలో, దేశం 1997 దాకా ఆగవలసి వచ్చింది.

తరువాతి కథ పెద్దలకు తెలిసినదే. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరిగారు రాజీనామా చేసి స్వతంత్రంగా నిలిచినారు. జస్టిస్ హిదాయతుల్లా సాహెబ్ కొన్నాళ్ళు ఆ స్థానంలో ఉన్నారు. జులై 19న 14 బ్యాంకులు జాతీయమైనాయి. పార్టీ అభ్యర్థి నామినేషను మీద సంతకం పెట్టిన ఇందిరాగాంధీయే, అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయండి అన్నారు. ఆగస్టు 16న ఓటింగు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, మూడవ అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. రెండవ ప్రాధాన్యం ఓట్లు కలిపితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. కేవలం 14,650 తేడాతో పార్టీ పెట్టిన పేరు ఓడిపోయింది. ఆ నవంబరులో పార్టీయే చీలిపోయింది.

అదే సంజీవరెడ్డిగారు 1977లో నంద్యాల నుండి లోక్‌సభకు గెలిచినారు. ఆ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీకి దక్కిన స్థానం అదొక్కటే. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సాహెబ్ ఆ ఫిబ్రవరిలో రాష్ట్రపతి పదవిలో ఉండగానే కాలం చేసినారు. ఈసారి సంజీవరెడ్డిగారి పేరు మీద అన్ని పక్షాలూ ముందుగానే మాట్లాడుకున్నాయి. పోటీ లేకుండా ఎన్నికై జులై 25న ప్రమాణం చేసినారు. మనిషి అదే మనిషి. 1969లో ఒక వర్గం పేరుగా వచ్చి ఓడినారు, 1977లో అందరినీ అడిగిన పేరుగా వచ్చి గెలిచినారు. నలుగురూ ఒప్పుకుంటారా అనేది ముందే వ్రాసిపెట్టి ఉండదు, ఆ నలుగురినీ అడిగినామా లేదా అన్నదాని మీద ఉంటుంది.

ఇక మన కాలపు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. 2002లో అధికార కూటమి మొదట మహారాష్ట్ర గవర్నరు పి.సి. అలెగ్జాండర్‌గారి పేరు అనుకున్నది. అది కుదరలేదు. ఏడేళ్ళు మన రాష్ట్ర గవర్నరుగా ఉన్న ఉపరాష్ట్రపతి కృష్ణకాంత్‌గారి పేరు నడిచి, అదీ ఆగిపోయింది. చివరికి అబ్దుల్ కలాం సాహెబ్ పేరు వచ్చింది. గుజరాత్ అల్లర్లు జరిగిన సంవత్సరం గనుక ముస్లిం పేరు కావాలనే తెచ్చినారని కొందరు అన్నారు. పార్టీల లెక్కలు పార్టీలకు ఉంటాయి. కానీ కంచన్‌బాగ్ మనకు ఎంత దూరం? 1982 నుండి ఆయన అక్కడి రక్షణ పరిశోధన సంస్థలో క్షిపణుల పని నడిపించినారు. ఆ గేటు ముందు నుండి మనలో ఎంతమంది రోజూ పోతూ వస్తూ ఉన్నాము! ఆయన పేరు చెబితే ఈ ప్రాంతపు పిల్లవాడు, ఏ ఇంటివాడైనా, ముందు ఆయన పని చెబుతాడు. ఆ ఎన్నికలో స్వాతంత్ర్య సమరయోధురాలు లక్ష్మీ సెహగల్‌గారి మీద 1,07,366కు 9,22,884 ఓట్లతో గెలిచినారు. పేరు తెచ్చినవారి లెక్క ఏదైనా కానివ్వండి, చేసిన పని ఆ పేరుకు కాపలాగా నిలబడింది.

సభ్యులారా! ఇప్పుడు మన సంఘానికి వస్తాము. ఆ రాత్రి ఆగిపోయిన పేరు ఎవరిదో చాలామందికి తెలుసు. ఖమ్మం వైపు నుండి వచ్చిన నూర్‌బాషా సోదరుడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడ ఉన్నంత కాలం ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా ఉన్నాడు. మార్కెట్ బాటసింగారానికి పోయినా ఆయన మాత్రం మనలను వదిలిపోలేదు. 2020, 2021 కరోనా రోజులలో జనాజా మోయడానికి సొంత మనుషులే భయపడినప్పుడు, ఖబరస్తాను దాకా వచ్చిన నాలుగు భుజాలలో ఒకటి ఆయనది. స్కాలర్‌షిప్ ఫారాలు నింపడానికి ఎన్ని ఇళ్ళు తిరిగినాడో మాకు తెలుసు. ఆయనకు ఉర్దూ సరిగా రాదు. ఇంట్లో తెలుగే. ఆయన మీద ఉన్న 'అభ్యంతరం' ఇదొక్కటే.

"నలుగురూ ఒప్పుకోరు" అన్న గొంతు మాదే. ఉర్దూ చదువు చెప్పి బ్రతుకుతున్న మాకు ఆ మాట ఎంత సులభంగా నోట వచ్చిందో తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. జాకిర్ సాహెబ్ గురించి క్లాసులో గొప్పగా చెబుతాము. ఆయన పేరు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపినవారి వరుసలో, మన వంతు వచ్చేసరికి, మేమే కూర్చున్నాము.

ఈ మధ్య ఆ నలుగురూ ఎవరో తెలుసుకుందామని నిజంగానే నలుగురు సభ్యులను విడివిడిగా అడిగినాము. ఒకరు ఆలోచించి చెబుతామన్నారు. ముగ్గురు ఒకటే మాట అన్నారు: "మాకేం అభ్యంతరం మాస్టారూ? అసలు ఆయన పేరు మీరెవరూ తేలేదు కదా!"

కాబట్టి మా మనవి ఇది. వచ్చే ఎన్నికలో ఆయన పేరును సభ ముందు పెట్టుదాం. నూర్‌బాషా అని ఆపవద్దు. నూర్‌బాషా అని చూపించుకోవడానికి నిలబెట్టనూవద్దు. చేసిన పని చదివి వినిపిద్దాం. ఇంకా తగినవారు ఉంటే వారి పనీ వినిపిద్దాం. ముందు ఆయనకు ఇష్టమో కాదో అడుగుదాం. ఆ తరువాత సభ ఎవరిని ఎన్నుకుంటే వారి వెంట అందరమూ నడుద్దాం. ఓడినా ఆయనకు నష్టం లేదు. అడగకుండా పక్కన పెట్టితే నష్టం మనకే.

ఈ వ్యాసం తెలుగులో ఎందుకు వ్రాసినామో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఉర్దూ పేజీలలో వ్రాస్తే ఆయన చదవలేడు. మా క్షమాపణ ఆయన చదువుకోగల అక్షరాలలోనే ఉండాలి గదా.

అల్లాహ్ మనకు సరైన మనిషిని గుర్తించే చూపు, ఆ పేరును నలుగురిలో చెప్పే ధైర్యం ప్రసాదించుగాక. ఆమీన్.